ప్రాగ్‌లో మళ్ళీ కుట్టిన అంగీ

సిడ్నీ శివారు పారమటాలో నేనుండే ఫ్లాట్ కింద ఒక డ్రైక్లీనింగ్ షాపు ఉంది. శనివారం పొద్దున్నే హారిస్ పార్క్ వైపు నుంచి ఆంటీలు పెళ్ళిళ్ళకి కట్టుకున్న పట్టుచీరలు మూటలుగా తెచ్చి పడేసి పోతారు. ఆవిరి ఇస్త్రీ పట్టు మీద ఆనగానే ఒక వాసన లేస్తుంది. కొంచెం వెంట్రుక కమిలినట్టు, కొంచెం గంజి కాగినట్టు ఉండే ఆ వాసన మెట్లెక్కి, తలుపు సందులోంచి దూరి, నేను చదువుతున్న పుస్తకం పేజీల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. అప్పుడిక చదువు సాగదు. నాయనమ్మ గుర్తొస్తుంది, ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఉండే ఏదో ఒక సగం కుట్టిన బట్ట గుర్తొస్తుంది, వాటి వెనకే ఎండలో మెరిసే ఎర్రటి పెంకుల కప్పుల ఊరొకటి కళ్ళ ముందు నిలుస్తుంది.

నాకు ఆరేళ్ళు నిండేదాకా నాయనమ్మ దగ్గరే పెరిగాను. నాన్న చదువుకోవడానికి సిడ్నీ వచ్చారు, ఆయన వెనకే అమ్మా వచ్చింది. ఒకరు పగలు, ఒకరు రాత్రి పనిచేస్తుంటే పిల్లని చూసేవాళ్ళు లేక, గుంటూరుకి పడమట, నరసరావుపేట దారిలో ఉన్న మా ఊళ్ళో నన్ను వదిలారు. వరండాలో కుట్టుమిషను, దాని కింద నేను. కత్తిరించగా రాలిన ముక్కలు, లంగా అంచులు, జాకెట్టు చంకలు, స్కూలు పిల్లల నీలం చొక్కాల మిగుళ్ళు నా చుట్టూ గుట్టలుగా పడేవి. వాటిని రంగుల వారీగా పేర్చుకోవడమే నా ఆట. చలికాలం చివర్లో కళ్ళాల్లో ఎండే మిరపకాయల ఘాటు గాలికి వచ్చి మా ఇద్దరికీ ఒకేసారి తుమ్ములు తెప్పించేది. క్రిస్మస్ ముందు వారం ఇంటింటా అరిసెల పాకం వాసన, వెదురు పుల్లలకి రంగు కాగితాలు అంటించి చూరుకి వేలాడదీసిన నక్షత్రాలు, రాత్రి పాటలు పాడుకుంటూ వచ్చే గుంపుకి ఇవ్వడానికి గంపలో సిద్ధంగా పెట్టిన చక్రాలు.

వీటన్నిటికంటే పెద్దది బాలయేసు తిరునాళ్ళ. రంగులరాట్నం, జీళ్ళు, గాజుల అంగళ్ళు, తలనీలాలిచ్చి నున్నటి గుండ్లతో తిరిగే పిల్లలు, కొబ్బరికాయలు పట్టుకుని గుడిముందు బారులు తీరిన జనం. మా గుడిలోని బాలయేసు ఐదేళ్ళ పిల్లాడంత ఉండేవాడు. తల మీద కిరీటం, ఎత్తిన కుడిచేయి, ఎడమచేతిలో గోళం. ఏటా తిరునాళ్ళకి ఆయనకి కొత్త అంగీ తొడిగేవాళ్ళు, ఆ అంగీ ఏటా నాయనమ్మే కుట్టేది. ఆమెకి కొలత అక్కర్లేదు. ఆయన భుజం వెడల్పూ చేతి పొడవూ ఆమె వేళ్ళకి తెలుసు.

నాకు అయిదేళ్ళు నిండేదాకా మాట రాలేదు. ఇది నాకు గుర్తున్న విషయం కాదు, నాయనమ్మ చెప్పగా తెలిసింది. చెవులు బాగానే వినిపించేవట, చెప్పిన పని చేసేదాన్నట, నోరు మాత్రం విప్పేదాన్ని కాదట. నాన్న సిడ్నీ నుంచి ఫోన్ చేసి, "నాన్నా అనమ్మా, ఒక్కసారి" అని బతిమాలుతుంటే నేను రిసీవరు చెవికి పెట్టుకుని నవ్వుతూ ఊరుకునేదాన్నట. గుంటూరు డాక్టర్లు చూడటం అయ్యాక నాయనమ్మ బాలయేసు ముందు మోకరించి మొక్కుకుంది: పిల్లకి మాట రానీ, నువ్వు మొదట వెలసిన ఊరికొచ్చి, నా చేత్తో కుట్టిన పట్టు అంగీ అక్కడ ఇస్తాను. ఆ ఊరు ప్రాగ్ అని స్వాములోరు ప్రసంగంలో చెప్పగా వింది తప్ప, అది ఎక్కడుందో, ఎంత దూరమో ఆమెకి తెలియదు. నరసరావుపేట దాటి ఎటో ఉంటుందనుకుందో ఏమో.

మాట వచ్చింది. నేను సిడ్నీ వచ్చేశాను. తాతయ్య పోయాక నాయనమ్మ కూడా మా దగ్గరికే వచ్చి క్వేకర్స్ హిల్ ఇంట్లో గరాజ్‌లో మిషను పెట్టుకుని, చర్చిలో తెలుగు పూజకి వచ్చే ఆంటీలందరికీ జాకెట్లు కుట్టేది. మాట వచ్చినా నేను దాన్ని వాడింది తక్కువే. స్కూల్లో వెనక బెంచీ, యూనివర్సిటీలో లైబ్రరీ మూల, ఇంటికి ఎవరైనా వస్తే గదిలో పుస్తకం, రాత్రికి డైరీ. ఎవరో ఆంటీ, "మీ మనవరాలు అస్సలు మాట్లాడదే" అంటే నాయనమ్మ నోట్లో సూది తీసి తాపీగా జవాబిచ్చేది: "మాట ఇప్పించమని మొక్కుకున్నా. మాట్టాడిచ్చమని మొక్కుకోలా. అదీ నేను చేసిన పొరపాటు."

నేను యూనిలో రెండో ఏడు చదువుతుండగా శీతాకాలం సెలవుల్లో నాన్నకి లీవు కుదిరింది. అమ్మకి హాస్పిటల్లో కుదరలేదు. నాయనమ్మ మోకాళ్ళు ఇంకో ఏడాదికి ఎలా ఉంటాయో తెలియదు కాబట్టి ఇప్పుడే వెళ్ళాలని ముగ్గురం బయల్దేరాం. అంగీ కోసం అమ్మ తన పెళ్ళిచీర తీసి ఇచ్చింది: మావైపు క్రైస్తవ పెళ్ళికూతుళ్ళు కట్టే తెల్లపట్టు, సన్న జరీ అంచు. నాయనమ్మ నెలల తరబడి కుట్టింది. జరీ అంచు కిందికి వచ్చేట్టు, మెడకీ ముంజేతులకీ లేసు వేసి, ముత్యాల్లాంటి పూసలు గుచ్చి. దాన్ని పాత దుప్పటిలో చుట్టి చేతిసంచిలోనే పెట్టుకుంది, విమానంలో పైనపెట్టడానికి కూడా ఒప్పుకోకుండా ఒళ్ళోనే ఉంచుకుంది.

ప్రాగ్ గురించి నేను చాలా చదువుకుని వెళ్ళాను. రాజులు, రసవాదులు, వంతెన మీద విగ్రహాలు, గడియారంలోంచి గంటకోసారి తొంగిచూసే అపొస్తలులు. అన్నిటికంటే నేను చూడాలనుకున్నది కొండమీద మఠంలో ఉన్న పాత గ్రంథాలయం. నేల నుంచి కప్పుదాకా తోలు అట్టల పుస్తకాలు, మధ్యలో పెద్దపెద్ద గోళాలు. దాని బొమ్మ కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. నాన్న ప్రతి రోజుకీ ఒక ప్లాన్ వేశారు, రెండో రోజు కోట, దాని పక్కనే నా గ్రంథాలయం, సాయంత్రం నది మీద పడవ.

దిగిన మధ్యాహ్నమే వంతెన దాటాం. సిడ్నీ చలిలోంచి వచ్చిన మాకు అక్కడి ఎండ కొత్తగా, తేలిగ్గా ఉంది. నున్నగా అరిగిన గుండ్రాళ్ళ దారి మీద నాయనమ్మ నా భుజం పట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తూ, "ఈళ్ళు రాజులయ్యుండి ఇంత రోడ్డెయ్యలేకపొయ్యారా" అంటూ నడిచింది. నల్లబడిన రాతి విగ్రహాల వరసలో తెలిసిన పునీతులు కనిపిస్తే ఆగి నమస్కారం పెట్టింది. కింద నది నెమ్మదిగా, ఆకుపచ్చగా, హంసలతో. కాల్చిన పిండి మీద పంచదార అద్దిన మిఠాయి వాసన సందు సందునా తగులుతోంది. ఒకటి కొని తుంచిపెడితే నాయనమ్మ నమిలి, మన బెల్లం గవ్వలంత గట్టిగా లేదని తీర్పు చెప్పింది.

వంతెన అవతల కొండ కిందనే ఆ గుడి. లోపల చల్లగా, మైనం వాసనతో, చీకటి చీకటిగా ఉంది. కుడివైపు బలిపీఠం మీద బంగారు కిరణాల మధ్య, అద్దాల పెట్టెలో ఉన్నాడు బాలయేసు. నాయనమ్మ కటకటాల దాకా వెళ్ళి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మోచేతి నుంచి వేలి కొస దాకా తన చేతిని గాలిలో నిలబెట్టి, ఒక కన్ను మూసి, ఆయన పక్కన పెట్టినట్టు కొలిచింది.

"మూరెడే ఉన్నాడే," అంది.

నేను సంచిలోని దుప్పటి చుట్టవైపు చూశాను. మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు. ఐదేళ్ళ పిల్లాడికి సరిపడే అంగీ కుట్టుకుని, సగం ప్రపంచం దాటి, మూరెడు విగ్రహం ముందు నిలబడ్డాం. నాయనమ్మ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కటకటాలు పట్టుకుని మెల్లగా నవ్వింది. "ఈయన ఇక్కడ పుట్టాడు, మనూళ్ళో పెరిగాడు. అంతే."

హోటలుకి వచ్చాక నవ్వు పోయింది. రైస్‌కుక్కర్లో అన్నం, గోంగూర పచ్చడి ముందు పెట్టుకుని ముద్ద ఎత్తకుండా కూర్చుంది. నాన్న ఓపిగ్గానే చెప్పారు. "అమ్మా, అక్కడ హండ్రెడ్స్ ఆఫ్ డ్రెస్సెస్ ఉంటాయంట. ఇది కూడా అట్టాగే పెట్టుకుంటారు. సైజు ఎవరు చూస్తారు? రేపు క్యాజిల్ బుక్ అయిపోయింది."

"పట్టని గుడ్డ ఇచ్చి మొక్కు తీరిందనమంటావా? నీకు అట్టాంటి చొక్కా ఏనాడైనా ఏశానా నేను?"

ఆమె అంగీని ఒళ్ళో పరిచి, మెడ లేసు మీద వేలు జరుపుతూ, విప్పి మళ్ళీ కత్తిరిస్తే రెండురోజుల పని అని, మిషను లేదని, కత్తెర లేదని, సూదిలో దారం ఎక్కించడానికి తన కళ్ళకి కూడా చేతకాదని ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. అది మాకు చెప్పటం కాదు, తనకి తాను చెప్పుకోవటం. మొక్కింది ఎవరికోసమో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె మళ్ళీ ఈ ఊరు రాదనీ తెలుసు.

నేను డైరీ మూశాను. "నేను ఉంటా నాన్నా. మీరు వెళ్ళిరండి. మేం కుడతాం."

నాన్న నావైపు చూసి, "మరి నీ లైబ్రరీ?" అన్నారు.

"ఫొటోలు తియ్యండి."

మర్నాడు పొద్దున దారాలూ గుండీలూ అమ్మే కొట్టు వెతుక్కుంటూ ఒక్కదాన్నే బయల్దేరాను. సిడ్నీలో కాఫీ కావాలన్నా ముందు మనసులో రెండుసార్లు అనుకుని గానీ అడగని దాన్ని. ట్రాము స్టాపులో ఒకావిడని అడిగాను, పండ్ల కొట్టులో అడిగాను, మందుల షాపులో అడిగాను. కొందరికి ఇంగ్లీషు రాదు; బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో కుట్టి చూపించాను. చివరికి ఒక సందులో, అద్దం వెనక బొత్తాల డబ్బాలు గోపురంలా పేర్చిన చిన్న కొట్టు దొరికింది. అక్కడి పెద్దావిడ నేను తీసిన, అంగీ కుట్టగా మిగిలిన పట్టుముక్కని వెలుతురులోకి తీసుకుపోయి, తెల్లల్లో తెల్ల వెతికి, సరిగ్గా అదే రంగు దారపు ఉండ నా చేతిలో పెట్టింది. సూదులు, చిన్న కత్తెర, మేకుల్లాంటి గుండుసూదులు.

కొలతల కోసం నాయనమ్మని మళ్ళీ గుడికి తీసుకెళ్ళాను. పైన ఒక గదిలో దేశదేశాల నుంచి వచ్చిన పాత అంగీలు అద్దాల వెనక ఉన్నాయి. ఆమె అద్దానికి చేయి ఆనించి భుజం బెత్తెడనీ, చేయి జానెడుకి తక్కువనీ, కింద గంటలాగా విప్పారాలనీ పైకే అనుకుంటూ కొలిచింది. ఆ కొలతలకి గుర్తుగా నేను దారానికి ముడులు వేశాను. బొమ్మ వంగదు కాబట్టి వెనక నిలువునా తెరిచి నాడాలు పెట్టాలని ఒక పాత అంగీ వెనక వైపు చూసి పట్టుకుంది. పక్కనున్న యాత్రికులు అవి ఏ రాణి పంపిందో చదువుకుంటుంటే, మేము అవి ఎలా కుట్టారో చదువుకున్నాం.

తర్వాత రెండు పగళ్ళూ హోటలు గదిలో కిటికీ పక్కనే గడిపాం. కత్తెర మొదటిసారి పట్టులో దిగినప్పుడు నాయనమ్మ కళ్ళు మూసుకుని, "ఏమనుకోమాకమ్మాయ్" అంది. సిడ్నీలో డ్యూటీలో ఉన్న మా అమ్మకి చెప్పింది ఆ మాట. ఆమె కత్తిరించి పిన్నులు గుచ్చితే నేను కుట్టేదాన్ని. నా కుట్టు వంకరపోతే ఏమీ అనకుండా సూదిమొనతో విప్పి నా చేతికే తిరిగి ఇచ్చేది. కిటికీ కింద ట్రాములు గణగణమంటూ పోయేవి, ఎక్కడో గుడిగంట కొడితే పక్కవీధి గుడి కాసేపాగి జవాబిచ్చేది, ఎర్రటి కప్పుల మీద ఎండ ఒక పెంకు నుంచి ఇంకో పెంకుకి జరిగేది. పక్కన పళ్ళెంలో పెరుగన్నం, ఊరమిరపకాయలు.

నా మాటలేని రోజుల సంగతి ఆమె వివరంగా చెప్పింది అప్పుడే. నేను మిషను కింద కూర్చుని పాదం పలక మీద అరచేయి పెట్టుకుంటే, నా వేళ్ళు నలుగుతాయని కుట్టడం ఆపేసేదట. చీకటి పడితే వీధిలో పిల్లలంతా అమ్మమ్మల్ని పిలుస్తుంటే నేను వచ్చి కొంగు లాగేదాన్నట. ఒకరోజు ఆమె అలిసిపోయి మంచం మీద కూర్చోబోతుంటే వెనక నుంచి, "సూదుంది, కూచోమాక" అని వినిపించిందట. తిరిగి చూస్తే నేనే. నిజంగానే సూది ఉంది. "అయిదేళ్ళు దాచిపెట్టి, ఎవురన్నా అమ్మా అనో నాయినా అనో మొదులుపెడతారు. నువ్వు నన్ను కేకలేత్తా మొదులుపెట్టావు," అని నవ్వింది. ఆమె ఏడవడం కూడా అప్పుడే చూశాను. మాట వచ్చిన ఆ సాయంత్రం ఫోన్‌లో నాన్నకి వినిపించబోతే నేను మళ్ళీ నోరు మూసుకున్నానట. నాన్న నమ్మడానికి ఇంకో నెల పట్టిందట.

నాన్న సాయంత్రాలు ఒక్కరే తిరిగొచ్చి, కోట ముందు, పడవలో, గడియారం కింద ఎవరిచేతో తీయించుకున్న ఫొటోలు చూపించారు. గ్రంథాలయం తలుపు దగ్గర నిలబడి తీసినవి చాలా ఉన్నాయి; సగం వాటిలో ఎవరిదో తల అడ్డం వచ్చింది. కుట్టు ముగిసే రోజు ఆయన కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. మంచం చివర కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి వరసగా దిండుకి గుచ్చి పెట్టారు.

చివరి రోజు పొద్దున పూజ అయ్యాక గుడి పక్కగదిలో ఒక సిస్టర్‌గారు కనిపించారు. పెద్దవయసు, ఎర్రటి బుగ్గలు, చేతిలో తాళాల గుత్తి. నాన్న ముందుకి కదిలి, "నేను మాట్లాడతాలే," అన్నారు.

నాయనమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. "నువ్వు కాదురా. దాని మొక్కు. అదే అడగాల."

నేను వెళ్ళాను. రాత్రంతా డైరీలో రాసుకుని కంఠస్థం పెట్టిన వాక్యాల్లో మొదటిదే మర్చిపోయాను. దుప్పటి విప్పి అంగీ చూపించాను. ఆస్ట్రేలియా నుంచి వచ్చామని, కాదు, ఇండియా నుంచి అని, రెండూ నిజమేనని చెప్పాను. ఆవిడ కొంచెం కొంచెం ఇంగ్లీషులో, ఎందుకు ఇస్తున్నారని అడిగింది. వెనక నాయనమ్మ ఉంది, ఆమె ఊపిరి వినిపిస్తోంది, ఆమె ఒక్క మాట కూడా అందించలేదు.

"నాకు అయిదేళ్ళు వచ్చేదాకా మాట రాలేదు," అన్నాను. "మా నాయనమ్మ ఈయన్ని అడిగింది. ఇది ఆమె కుట్టింది. ఇద్దరం కుట్టాం."

సిస్టర్‌గారు అంగీని తిరగేసి లోపలి కుట్లు చూసింది, నాడాలు చూసింది. దాన్ని తన ముంజేతి మీద పరుచుకుని మోచేతి నుంచి వేళ్ళ దాకా సరిచూసుకుంది. సరిపోతుందని తలాడించింది. అయితే ఎన్నో వస్తాయనీ, ఇది తొడుగుతామని మాట ఇవ్వలేమనీ, భద్రంగా మాత్రం ఉంచుతామనీ మెల్లగా చెప్పింది. ఆ తర్వాత నన్ను చూసి నవ్వింది. "ఇప్పుడు మాట్లాడుతున్నావుగా."

"కొంచెం," అన్నాను.

ఆమె చెప్పింది నాయనమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. తొడుగుతామని అనలేదన్న ముక్క కూడా దాచలేదు. నాయనమ్మ ఖాళీ దుప్పటి మడతపెట్టుకుంటూ వింది. "తొడిగేది వాళ్ళ పని. పట్టేట్టు కుట్టియ్యటం నా పని. అయిపొయ్యింది." గుమ్మం దాటాక ఎండలో ఆగి, నా గడ్డం పట్టుకుని, "ఇక నీ ఇష్టం. మాట్టాడతావో, మానుకుంటావో," అంది.

ఆ అంగీ ఎప్పుడైనా తొడిగారో లేదో మాకు తెలియదు. తెలుసుకోవడానికి దారులు లేకపోలేదు, కానీ నేను కనుక్కోలేదు, కనుక్కోను కూడా.

నాయనమ్మ పోయి రెండు శీతాకాలాలయింది. క్వేకర్స్ హిల్ ఇల్లు అమ్మేశారు; గరాజ్‌లో ఇప్పుడు ఎవరిదో కారు ఉంటుంది. మా ఊళ్ళో తిరునాళ్ళకి అంగీలు రెడీమేడ్‌గా తెప్పిస్తున్నారని, వరండా ఇల్లు పడగొట్టి షాపులు కట్టారని బంధువులు చెప్పారు. తెలుగు పూజకి వచ్చే పిల్లలు మనం చెప్పింది వింటారు, జవాబు ఇంగ్లీషులో ఇస్తారు. ఆంటీలు జాకెట్లు ఇండియా నుంచి కొరియర్‌లో తెప్పించుకుంటున్నారు.

ఇవన్నీ పోతాయని అనుకున్నవే. అనుకోనిది ఒకటి ఉంది. నేను మాట్లాడని ఆ అయిదేళ్ళూ అమ్మా నాన్నా ఇక్కడున్నారు. ఆ పిల్లని రోజూ చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే, నాకేమో ఏమీ గుర్తులేదు. మిషను కింద ఏం ఆలోచిస్తూ కూర్చునేదో, చీకట్లో కొంగు లాగితే నాయనమ్మ ఏమనేదో అడుగుదామంటే మనిషి లేదు. కిటికీ పక్కన ఆ రెండు పగళ్ళూ నాయనమ్మ చెప్పినంతే నాకు తెలుసు. అది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.